వంతుల మేడకు వచ్చిన అవ్వ

అనగనగా, సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రాని రోజుల్లో, పొన్నలరేవు అని ఒక ఊరు ఉండేది.

ఆ ఊళ్ళో రత్నదత్తుడని ఒక వర్తకుడు. మాట తియ్యన, చెయ్యి చురుకు. సముద్రం అంచున ఒక ఎత్తైన ఇసుక దిబ్బ చూసి, దాని మీద మేడ కట్టించాడు. టేకు స్తంభాలు, నున్నటి గచ్చు నేల, తూర్పు వైపు పొడుగునా వసారా. ముంగిట్లో పొన్న చెట్లు, వాటి పక్కన తియ్యనీళ్ళ బావి. వసారాలో కూర్చుంటే ఎదురుగా నీళ్ళు, ఆకాశం తప్ప మరేమీ కనిపించవు.

అంత మేడను ఒక్కడే కొనగలిగిన భాగ్యవంతుడు ఆ చుట్టుపక్కల లేడు. రత్నదత్తుడు చాలా ఆలోచించాడు. ఆలోచించి, మేడను నెలల వంతులుగా కోసి అమ్మాడు. చైత్రం ఒకరికి, వైశాఖం మరొకరికి, అలా పన్నెండు నెలలూ పన్నెండు కుటుంబాలకు. ఎవరి నెలలో వాళ్ళు వచ్చి ఉండాలి. నెల నిండగానే తాళం వేసుకుని వెళ్ళిపోవాలి. తలా ఒక తాళంచెవి.

"ఈ హక్కు మీకు, మీ పిల్లలకు, వాళ్ళ పిల్లలకు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం మీదే," అనేవాడు రత్నదత్తుడు. అలా అనేటప్పుడు ఆకాశం వైపు చెయ్యి చూపేవాడు. సముద్రం వైపు చూపేవాడు కాదు.

ఆశ్వయుజ మాసం కొన్నది పేరిందేవి. ఆమె సముద్రానికి దూరంగా, ఎర్రమట్టి సీమలో ఒక పేటలో బట్టలకు రంగులు అద్ది బతికేది. భర్త పోయాడు. తోడు ఒక్క చెల్లెలు, మాచమ్మ. మాచమ్మకు ఉబ్బసం. చలిగాలి తిరిగితే చాలు, పిల్లిపిల్ల అరిచినట్టు గొంతులోంచి ఊపిరి వచ్చేది. సముద్రపు గాలి తగిలితే నెమ్మదిస్తుందని ఎవరో చెప్పారు. పేరిందేవి తన మెడలోని కాసులపేరు తీసి ఇచ్చేసి, ఏడాదికి ఒక్క నెల సముద్రపు గాలి కొనుక్కుంది.

మొదటి ఏడు అక్కచెల్లెళ్ళు ఇద్దరూ బండి కట్టించుకుని బయలుదేరారు. దారిలో ఎదురుగా ఒక బండి వేగంగా వచ్చింది. అందులో ఉన్నది భాద్రపద మాసం కొన్న సూరపరాజు. అతని నెల ఇంకా నిండలేదు.

"ఏం రాజుగారూ, అప్పుడే బయలుదేరారు?" అని అడిగింది పేరిందేవి.

"పని పడిందమ్మా."

"మేడ ఎలా ఉంది?"

"బాగుంది, బాగుంది. గాలి దివ్యంగా ఉంది." సూరపరాజు ఎద్దుల తోకల వైపే చూస్తూ మాట్లాడాడు. అతని భార్య ముసుగు ముఖం మీదికి లాక్కుని ఒక మూల ఒదిగి కూర్చుంది. బండి కదిలాక అతను వెనక్కి తిరిగి, "సాయంత్రాలు తూర్పు తలుపు వేసుకోండి. దోమలు!" అని అరిచాడు.

మేడ నిజంగానే బాగుంది. సముద్రం దూరంగా, మెల్లగా, తనలో తాను మాట్లాడుకుంటూ ఉంది. తెల్లవారేసరికి మాచమ్మ గొంతులో పిల్లికూత ఆగిపోయింది. పేరిందేవి పొయ్యి దగ్గర కూర్చుని, చెల్లెలి నిశ్శబ్దమైన ఊపిరి వింటూ కన్నీళ్ళు తుడుచుకుంది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒకనాడు అసురసంధ్య వేళ ఆమె దీపం వెలిగించి వసారాలోకి వచ్చింది. ఒక్క దోమ కూడా లేదు. కింది మెట్టు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది.

అవ్వ జుట్టు తెల్లగా, నడుము దాకా ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు వాన లేదు. కట్టుకున్న చీర ఏ రంగుదో చెప్పడం రంగులద్దే పేరిందేవికి కూడా సాధ్యం కాలేదు. ఆకుపచ్చ అనుకునేలోగా నలుపు, నలుపు అనుకునేలోగా బూడిద.

అవ్వ తల ఎత్తింది. "నా వంతు ఎప్పుడమ్మా?" అని అడిగింది.

తిండికి వచ్చిన పేదరాలేమో అనుకుంది పేరిందేవి. "నువ్వెవరో పొరబడ్డావు అవ్వా. ఇక్కడ పన్నెండు నెలలకూ పన్నెండు మంది ఉన్నారు. నీకు వంతు లేదు."

"అన్నీ ఇచ్చేశారా?"

"అన్నీ ఇచ్చేశారు."

"నన్నెవరూ అడగలేదే," అంది అవ్వ. కోపంగా అనలేదు. లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అన్నం గిన్నె పట్టుకుని పేరిందేవి వెనకాలే దిగింది. మెట్ల మీద తడి అడుగులు ఉన్నాయి. మెట్లు దాటాక ఇసుక మీద ఒక్క అడుగు కూడా లేదు.

పొద్దున్నే మాచమ్మ కేక వేసింది. "అక్కా! చెట్లేవి?"

ముంగిట్లో పొన్న చెట్లు లేవు. మొదళ్ళు లేవు, వేళ్ళు లేవు, రాలిన ఆకు ఒక్కటి లేదు. చెట్లున్న చోట ఇసుక దువ్విన జుట్టులా నున్నగా ఉంది. దానికి అవతలే సముద్రం.

పేరిందేవి ఊళ్ళోకి వెళ్ళి రత్నదత్తుణ్ణి అడిగింది. అతను నవ్వాడు. "చెట్లు ముసలివైపోయాయమ్మా. నేనే కొట్టించాను. ఇప్పుడు సముద్రం ఇంకా బాగా కనిపించడం లేదూ?"

రాత్రికి రాత్రి, గొడ్డలి చప్పుడు లేకుండా ఎవరు కొట్టారని ఆమె అడగలేదు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మింది.

నెల నిండి తిరిగి వెళ్తుంటే కార్తికం కొన్న వైద్యుడు ఎఱ్ఱనార్యుడు ఎదురయ్యాడు. "అంతా బాగుందా అమ్మా?" అన్నాడు.

పేరిందేవి నోరు తెరిచింది. అవ్వ గురించి చెబితే పిచ్చిదంటారు. చెట్ల గురించి చెబితే, రేపు తన నెల ఎవరికైనా అమ్ముకోవాలన్నా కొనేవాడుండడు. "గాలి బాగుందండి," అంది.

రెండో ఏడు వచ్చింది. బండి దిగీ దిగగానే మాచమ్మ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బావి సముద్రంలో నిలబడి ఉంది.

చుట్టూ ఉన్న ఇసుకంతా కొట్టుకుపోగా, రాళ్ళతో కట్టిన బావి ఒర ఒక్కటే అలల మధ్య స్తంభంలా మిగిలింది. అల వచ్చినప్పుడల్లా దాని నోట్లోంచి ఎవరో నిద్రలో మూలిగినట్టు శబ్దం వస్తోంది.

మేడ లోపల మాత్రం కొత్త సున్నం, కొత్త రంగు. నేలంతా ఎర్రటి తివాచీలు పరిచి ఉన్నాయి. కిందటేడు అవి లేవు. వాటి మీద నడుస్తుంటే కాలి కింద నేల ఎక్కడో చల్లగా, ఎక్కడో మెత్తగా తగులుతోంది. తివాచీ ఎత్తి చూడాలనిపించింది పేరిందేవికి. చూడలేదు.

అవ్వ ఈసారి తొలి సాయంత్రమే వచ్చింది. ఆమె వస్తుండగా కిటికీలోంచి చూసి పేరిందేవి దీపం ఆర్పింది. తలుపు గడియ పెట్టి, చెల్లెల్ని దగ్గరకు లాక్కుని తలుపు వెనక నక్కింది. అవ్వ మెట్ల దగ్గర ఆగలేదు. వసారాలోకి వచ్చి కూర్చున్న చప్పుడు వినిపించింది. చుక్క, చుక్క, నీళ్ళు కారుతున్న చప్పుడు కూడా.

"నా వంతు ఎప్పుడమ్మా?"

పేరిందేవి పలకలేదు.

"లోపల ఉన్నారుగా. చిన్నదాని ఊపిరి వినిపిస్తోంది."

పేరిందేవి చెల్లెలి నోటి మీద చెయ్యి పెట్టింది. అవ్వ వేలితో తట్టింది. టక్, టక్, టక్. ఆ చప్పుడు తలుపు మీంచి రాలేదు. వాళ్ళు కూర్చున్న నేల కిందనుంచి వచ్చింది.

పొద్దున్న తలుపు తీసేసరికి వసారా అంతా ఉప్పునీళ్ళు. మెట్లు సగం లేవు. అక్కచెల్లెళ్ళు ఆ పూటే బండి కట్టించారు. ఊరి చివర రత్నదత్తుడు స్వయంగా ఎదురొచ్చాడు.

"భయపడ్డారా అమ్మా?" అన్నాడు మెల్లగా. ఏం చూశారని అడగలేదు. అడగకపోవడం పేరిందేవి గమనించింది. "మీకు ఇష్టం లేకపోతే మీ నెల అమ్మిపెడతాను. మీ కాసులపేరు లాంటివి రెండు చేయించుకోవచ్చు. సముద్రం మొహం ఎరగని ఊళ్ళు ఎన్ని లేవు! ఎవరైనా వచ్చి అడిగితే, మంచి ఇల్లని మీరు ఒక్క మాట అనండి. చాలు."

ఆమె సరే అనలేదు. వద్దనీ అనలేదు.

ఆ చలికాలంలో మాచమ్మకు ఉబ్బసం ముదిరింది. మందులకు చేతిలో ఏమీ లేదు. అలాంటి రోజుల్లో ఒక మనిషి పేరిందేవి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు బొల్లయ్య. కంచు గిన్నెలు, గంటలు పోత పోసే కంచరి. చేతిలో కొత్త కంచు గిన్నె ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మా నాయన ముసలివాడైపోయాడు తల్లీ. కన్ను మూసేలోగా ఒక్కసారి సముద్రం చూడాలంటాడు. ఇంట్లో చంటిపిల్ల కూడా ఉంది. రత్నదత్తుడుగారు మీ నెల మాకిప్పిస్తానన్నారు. ఉన్నదంతా ఊడ్చి ఇస్తే సరిపోతుంది. మీరు అక్కడ ఉండి వచ్చినవారు కదా. ఆ ఇల్లు మంచిదేనా?"

పేరిందేవి చేతులు రంగు తొట్టిలో ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు. మందులు, మెడలో కాసులపేరు, చెల్లెలికి వెచ్చటి గది. గోడవతల మాచమ్మ ఊపిరి కోసం పెనుగులాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తొట్టిలో నీళ్ళ వైపు చూసింది. ఆ నీళ్ళు నీలం, కాదు నలుపు, కాదు బూడిద రంగు. దాని అడుగున ఒక చంటిపిల్ల ముఖం ఉన్నట్టనిపించి చేతులు బయటికి లాక్కుంది.

"కాదు నాయనా," అంది. "ఆ ఇల్లు మంచిది కాదు."

చెట్ల సంగతి, బావి సంగతి, నేల కింద చప్పుడు, అవ్వ అడిగిన మాట, అన్నీ చెప్పింది. బొల్లయ్య అంతా విన్నాడు. లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. గిన్నె తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

మూడో ఏడు ఉగాది నాడు పంచాంగం చదివించారు. ఆ ఏడు అధికమాసం వచ్చింది. ఆశ్వయుజాలు రెండు. ముందు అధికం, తరవాత నిజం.

పన్నెండు కుటుంబాలూ ఉత్త పన్నెండు నెలలే కొనుక్కున్నాయి. ఈ పదమూడో నెల ఎవరిదో ఎవరికీ తెలియదు. రత్నదత్తుడికి మాత్రం తెలిసింది. "ఎవరిదీ కానిది నాదే," అనుకుని తిన్నగా బొల్లయ్య ఇంటికి వెళ్ళాడు. "ఎంత అమాయకుడివయ్యా! రెండు ఆశ్వయుజాలూ తనకే కావాలని ఆ రంగులావిడ నిన్ను భయపెట్టింది. అవ్వలేమిటి, చప్పుళ్ళేమిటి! ఈ ఒక్క నెలా చవగ్గా ఇస్తాను. మీ నాయన కోరిక తీర్చుకో," అన్నాడు.

ఆ సంగతి పేరిందేవికి తెలియదు. అధిక ఆశ్వయుజంలో ఒకనాడు, బొల్లయ్య వాళ్ళ పక్కింటామె బట్టకు రంగు వేయించుకోవడానికి వచ్చింది. "వాళ్ళు లేరమ్మా. అందరూ సముద్రానికి వెళ్ళారు. ఈ అధికమాసమంతా అక్కడే," అంది.

పేరిందేవి చేతిలోని బట్ట సగం తడిసి సగం తడవకుండా అలాగే తొట్టిలో జారిపోయింది.

"చెప్పానుగా," అంది చెల్లెలితో. "ఒకసారి చెప్పాను. వినకపోతే నేనేం చెయ్యను? నిన్ను ఈ స్థితిలో వదిలి ఎలా వెళ్ళను?"

మాచమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, మాట మాటకూ ఆగుతూ అంది: "నువ్వు వెళ్ళకపోతే నాకు అసలు ఊపిరే ఆడదక్కా."

పేరిందేవి బండి కట్టించింది. మేడ కనిపించేసరికి పొద్దు వాలుతోంది. ఆకాశం రాగి రంగులో ఉంది. సముద్రం చప్పుడు చెయ్యడం లేదు. ఒక్క అల లేదు. అంత నీరూ దమ్ము బిగబట్టినట్టు నిలిచి ఉంది. కాకి, గువ్వ ఏదీ లేదు.

బాట వైపు నుంచి చూస్తే మేడ పెళ్ళిల్లులా ఉంది. కొత్త రంగు, గుమ్మానికి మామిడి తోరణం. ఆమె పక్కగా నడిచి తూర్పు వైపు చూసింది. దిబ్బ సగం లేదు. మేడ సగభాగం కింద ఇసుక లేదు, గాలీ చీకటీ మాత్రమే ఉన్నాయి. వసారా ఆనవాలు కూడా లేదు. లోపలినుంచి పిల్ల కిలకిలా నవ్వడం వినిపించింది.

పేరిందేవి పరుగున లోపలికి వెళ్ళింది.

నడిమింట్లో, ఎర్ర తివాచీ మీద అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో బొల్లయ్య చంటిపిల్ల. పిల్ల ఆ తడి జుట్టు గుప్పిట్లో పట్టి లాగుతూ నవ్వుతోంది. పక్కనే ముసలి తండ్రి గోడకు ఆనుకుని అవ్వతో ఏవో పాత కబుర్లు చెబుతున్నాడు. బొల్లయ్య భార్య పొయ్యి దగ్గర ఉంది.

"ఈ ఊరి అవ్వేనట. పొద్దు గుంకే వేళ వస్తుంది, పాపను ఆడించి వెళ్తుంది," అంది ఆ ఇల్లాలు.

బొల్లయ్య పేరిందేవిని చూసి ముఖం చిట్లించాడు. "ఎందుకొచ్చారమ్మా? మీ నెల వచ్చేదాకా ఆగలేకపోయారా?"

పేరిందేవి అతని వైపు తిరగలేదు. ఆమె చూపు అవ్వ మీదే ఉంది. అవ్వ కూడా ఆమెనే చూస్తోంది.

"నా వంతు ఎప్పుడమ్మా?" అంది అవ్వ మూడోసారి.

పేరిందేవి ఎదురుగా వెళ్ళి నేల మీద కూర్చుంది.

"ఇదే నీ వంతు అవ్వా," అంది. "ఈ నెల మా పన్నెండు మందిలో ఎవరిదీ కాదు. నిజానికి ఏ నెలా మాది కాదు. దిబ్బ నీది. అడగకుండా కట్టారు, అడగకుండా కొనుక్కున్నాం. నువ్వు ముందే వచ్చి చెప్పావు. మొదటిసారి నీకు వంతు లేదన్నాను. రెండోసారి ఇంట్లో లేనట్టు నటించాను. వెనక వచ్చేవాళ్ళకు నిజం చెప్పకుండా వెళ్ళాను. ఆ తప్పు నాది, ఈ పిల్లది కాదు. వీళ్ళను వెళ్ళనియ్యి."

"మరి రాబోయే నీ నెల?"

పేరిందేవి కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. ఆమె కాసులపేరు, చెల్లెలి ఊపిరి, అంతా ఆ ఇనప ముక్కలోనే ఉంది. చెయ్యి చాచింది. "అదీ నీకే."

"మళ్ళీ అడగవుగా?"

"అడగను."

అవ్వ చెయ్యి తగిలింది. లోతైన బావిలో భుజం దాకా చెయ్యి పెడితే తగిలే చల్లదనం అది. అవ్వ తాళంచెవి తీసుకుని, చంటిపిల్లను ఎత్తి పేరిందేవి చేతుల్లో పెట్టింది. "దీపాల వేళ దాటేదాకా ఆగుతాను," అంది.

"ఏమిటీ నాటకం?" అని బొల్లయ్య ముందుకొచ్చాడు.

పేరిందేవి ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో తివాచీ అంచు పట్టి లాగింది. గచ్చు నేల మనిషి పట్టేంత వెడల్పున చీలి ఉంది. బొల్లయ్య తొంగి చూశాడు. కింద నీళ్ళున్నాయి. నల్లగా, కదలకుండా. ఆ నీళ్ళలో తెల్లటి జుట్టు, ఎంతో పొడుగు జుట్టు, మేడ పునాదులను చుట్టుకుని మెల్లగా ఊగుతోంది.

బొల్లయ్య వెంటనే తండ్రిని వీపున వేసుకున్నాడు. భార్య పొయ్యి మీది అన్నం అలాగే వదిలేసింది. పడమటి గుమ్మం దాటి, బాట దాటి, పడవలవాళ్ళ పాకలున్న మెరక మీదికి చేరేదాకా ఎవరూ వెనక్కి చూడలేదు.

అప్పుడే రత్నదత్తుడు గుర్రం మీద వచ్చాడు. "ఎవరు ఖాళీ చెయ్యమన్నారు? రేపు పొద్దున్నే పెద్ద బేరం వస్తోంది. ఇంట్లో మనుషులుండాలి, దీపాలు వెలుగుతుండాలి!"

పేరిందేవి అతని దారికి అడ్డంగా నిలబడింది. "లోపలికి వెళ్ళకండి అయ్యా. అది ఇప్పుడు మీది కాదు, నాది కాదు. ఆమె లోపల ఉంది."

"నా మేడకు నన్నే రావద్దంటావా?" అతను ఆమెను తోసేసి వెళ్ళాడు. ఆమె మళ్ళీ పరుగెత్తి కళ్ళెం పట్టుకుంది. "మీ మీద నాకు కోపం లేదు, వెళ్ళకండి!" అంది. అతను కొరడా ఎత్తాడు. ఆమె చెయ్యి వదిలింది.

మెరక మీంచి అందరికీ కనిపిస్తోంది. రత్నదత్తుడు ఒక్కొక్క గదిలో దీపం పెట్టుకుంటూ వెళ్ళాడు. మేడ అంతా వెలిగిపోయింది. నడిమింటి తలుపు తెరిచే ఉంది. అక్కడ అవ్వ అతనికి ఎదురుగా నిలబడింది. దూరంగా ఉన్నా ఆ గొంతు చెవి పక్కనే మాట్లాడినట్టు వినిపించింది.

"నా వంతు ఎప్పుడు నాయనా?"

"వంతు కావాలంటే వెల ఇవ్వాలి," అన్నాడు రత్నదత్తుడు. "ఏమిస్తావు?"

అవ్వ కొంగు విప్పింది. ముత్యాలు, పగడాలు జలజలా నేల మీద రాలాయి. రత్నదత్తుడు మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. అతను ఏరుతుంటే అవి రాలుతూనే ఉన్నాయి. పై పంచెలో పోశాడు, తలపాగా విప్పి అందులో పోశాడు, అయినా తల ఎత్తలేదు.

"అయ్యా, వచ్చెయ్యండి!" అని పేరిందేవి గొంతు చించుకుని అరిచింది. అతను ఇటు తిరిగి చూడలేదు.

దీపాల వేళ దాటింది.

మేడ విరగలేదు, పెళపెళమనలేదు. చేటను ఒక పక్కకు వంచితే బియ్యం జారినట్టు, దీపాలతో సహా మెల్లగా నీళ్ళలోకి జారింది. నీళ్ళు దాని మీద మూసుకున్నాయి. ఆ దీపాలు వెంటనే ఆరిపోలేదు. చాలాసేపు, నీళ్ళ అడుగున, పసుపు పచ్చటి వెలుగులో, వంగి ఏదో ఏరుకుంటున్న మనిషి నీడ కదులుతూనే కనిపించింది. బొల్లయ్య భార్య పిల్ల కళ్ళు మూసింది. ఆ తరవాత సముద్రం మామూలుగా చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది.

సంగతి తెలిసి మిగతా కుటుంబాలవాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి ఒడ్డున చేరారు. మేడ లేదు, ఇటుక ముక్క కూడా లేదు. కోపం తీర్చుకోవడానికి పేరిందేవి ఒక్కతే దొరికింది.

"మా నెలలు ఇచ్చెయ్యడానికి నువ్వెవరు?" అన్నారు.

"నేను నా నెల ఒక్కటే ఇచ్చాను," అంది పేరిందేవి. "మీలో ఎవరినీ ఆమె వంతు అడగలేదా?"

సూరపరాజు ముందుకొచ్చాడు. "నన్నడిగింది," అన్నాడు. "వచ్చే నెలవాళ్ళను అడుగు అన్నాను."

"నేనూ అదే అన్నాను," అన్నాడు వైద్యుడు ఎఱ్ఱనార్యుడు తల వంచుకుని. "మార్గశిరంవాళ్ళను అడగమన్నాను. వచ్చే ఏడు మా అమ్మాయిని, అల్లుణ్ణి ఇక్కడికి పంపుదామనుకున్నాను. పంపేవాణ్ణే. వాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి కాదు."

అతను ఇసుకలో కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఒకరి వెనక ఒకరు అందరూ ఒప్పుకున్నారు. చూడనివాళ్ళు, విననివాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. తన తరవాత వచ్చేవాడికి చెప్పినవాళ్ళూ ఒక్కరూ లేరు.

ఆ మాటలు పొన్నలరేవు జనం కూడా విన్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ గోడలు చెమర్చేవి, నేల కింద ఏదో తట్టేది. ఇంతవరకూ ఎవరికి వాళ్ళే దాచుకున్నారు. ఆ రోజు పక్కింటివాళ్ళతో నోరు విప్పి చెప్పుకున్నారు. నిజ ఆశ్వయుజం నిండేలోగా ఊరు ఊరంతా పశువులతో, పిల్లలతో, ఇంటి దూలాలతో సహా దూరంగా మెరక భూముల్లోకి తరలిపోయింది. కార్తికంలో పెద్ద గాలివాన వచ్చి పాత ఊరిని ఊడ్చుకుపోయేసరికి అక్కడ ఒక్క ప్రాణి లేదు.

పేరిందేవి ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళింది. మాచమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇల్లు?" అంది.

"పోయింది."

"వాళ్ళు?"

"ఉన్నారు. పిల్లకు పళ్ళు వస్తున్నాయి."

మాచమ్మ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు ఆగాక మళ్ళీ నవ్వింది. మరునాడు వైద్యుడు ఎఱ్ఱనార్యుడు మందుల పెట్టె పట్టుకుని వాళ్ళ గుమ్మంలో దిగాడు. తరవాత ప్రతి చలికాలం, పిలవకుండానే వచ్చేవాడు. ఉబ్బసం పూర్తిగా పోలేదు గానీ, మాచమ్మ జుట్టు నెరిసేదాకా బతికింది.

కాబట్టి పిల్లలూ, తెలిసిన అపాయాన్ని బయటపెట్టినవాళ్ళకు ఒక ఇల్లు పోవచ్చు గానీ, దాన్ని దాచి తన వెనక వచ్చేవాడి నెత్తిన పెడితే పోయేది ప్రాణాలే.